కింద, ఎడమ మూల

పదిన్నరకి రావాల్సిన అమ్మాయి
పది ఇరవై ఎనిమిదికే వచ్చి కూర్చుంది తెరలో.
కొంగరి సుహాసిని. జగద్గిరిగుట్ట.
వెనక పిస్తా రంగు గోడ,
గోడకి ఆనించి గ్యాస్ బండ, దానిమీద పూల గుడ్డ.

నేను నల్లకుంటలో, వంటింటి పక్క గదిలో.
పైన ఇస్త్రీ కుర్తా, కింద వెలిసిపోయిన నైట్ ప్యాంటు.
నడుము దాకా కంపెనీ మనిషిని.
ఒళ్లో ఫారం, అందులో ఐదు గళ్లు.
మూడో గడి: కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారా?

చూడటం లేదు.
నమస్తే మేడమ్ అన్నప్పుడూ చూడలేదు.
ఏది అడిగినా ఆమె చూపు జారి
కింద ఎడమ మూలకి పోతోంది,
అక్కడేదో పారేసుకున్నట్టు,
అక్కడెవరో జవాబుల కాగితం పట్టుకుని కూర్చున్నట్టు.
ప్రతి మాటకీ ముందు అర క్షణం ఖాళీ.
పేరులో ఉన్న నవ్వు ముఖంలో లేదు అని రాయబోయి
మర్యాద కాదని మానేశాను.

మధ్యలో కుక్కర్ కూత.
చెయ్యి గబుక్కున లేచింది గొంతు నొక్కడానికి,
కుక్కర్‌ది కాదు, తనది.
మళ్లీ మాట వినపడేసరికి
ఆమె చెవులు కందిపోయి ఉన్నాయి.
నేను రాశాను: ఆత్మవిశ్వాసం తక్కువ.
బాల్ పెన్ను కదా,
అక్షరాలు కింది కాగితం మీద కూడా అచ్చు పడ్డాయి.

పదకొండింటి అబ్బాయి మాత్రం
సూటిగా నా కళ్లలోకి.
రెప్పలు కూడా లెక్కపెట్టి వేసినట్టు.
వెనక పుస్తకాల అల్మారా, ఉత్తుత్తి అల్మారా,
అతను కదిలినప్పుడల్లా
ఒక చెవి అందులో కరిగిపోయి మళ్లీ మొలిచేది.
అయినా ఎంత బాగా చూశాడు నన్ను!
మూడో గడిలో పదికి పది.
రెండు ఫారాలూ ఫోటో తీసి పంపేసి
పప్పు తాలింపు వేసుకున్నాను.

సాయంత్రం
వీధిలో నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల గొడవ.
కిటికీ మూసి రికార్డింగ్ పెట్టాను,
ఆ అమ్మాయి చేసిన లెక్క ఇంకోసారి చూద్దామని,
ఎందుకో.
పదిహేడో నిమిషంలో
ఆమె తన తెర మొత్తం పంచుకుంది.
పొద్దున నేను లెక్కే చూశాను.
ఇప్పుడు కనపడింది,
కింద, ఎడమ మూల,
రెవెన్యూ స్టాంపంత గడిలో
నేను.

ఆ పిల్ల చూస్తూ ఉన్నది నన్నే.
కెమెరా ఎక్కడో నెత్తిమీద, నేనెక్కడో కాళ్ల దగ్గర.
నన్ను చూస్తే చూడనట్టు,
నన్ను వదిలేస్తేనే చూసినట్టు.
పదకొండింటి అబ్బాయి అంతసేపూ చూసింది
ఆవగింజంత పచ్చ దీపాన్ని.

మరి స్టాంపులో ఉన్న నేనో?
ఆమె లెక్క విప్పుతుంటే
వెంట్రుకని చెవి వెనక్కి తోస్తున్నాను,
కాస్త ఎడమకి తిరిగి, కాస్త కుడికి తిరిగి,
నా గడిలో నన్నే చూసుకుంటూ.
ఒక ఆవలింత. పిడికిలి వెనక దాచాను, దాగలేదు.
ఆ ఆవలింత తర్వాతే
ఆమె అర క్షణాలు నిండు క్షణాలయ్యాయి.

మొహం చూసి బొట్టు పెట్టే రకం అని
మా మేనత్త ఎవరినో తిడుతుండేది.
ఆవిడ గొంతు ఇప్పుడెందుకు వినాలి నేను?

ఫారం వెనక్కి ఇమ్మని మెయిల్ రాశాను.
జవాబు లేదు.
ఈ ఖాళీని ఏ గడిలో రాసుకోవాలో తెలియడం లేదు.

రేపు మళ్లీ పదిన్నరకి ఎవరో.
అద్దం మీది బొట్టుబిళ్ల ఒకటి తీసి
కెమెరా పక్కన అంటించాను,
వచ్చేవాళ్లకి నా కళ్లు దొరకాలని.
అంటించాక గుర్తొచ్చింది,
దాన్నే చూస్తూ కూర్చుంటే
వాళ్ల ముఖం నాకు కనపడదు.
గోరుతో గీకాను.
సగమే ఊడింది.